నా కూతురు గోలు కాసిన రోజు

మా ఆయన పోర్టులో బొగ్గు దించే పనిలో ఉండగా పోయాడు. అప్పటికి పిల్లకు తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత నేను ఎవరికీ ఎదురు వెళ్ళలేదు. ఇంట్లో ఎవరైనా మంచి పని మీద గుమ్మం దాటుతుంటే మా అత్త నా వైపు ఒక చూపు చూసేది, అంతే, నేను లోపలికి పోయేదాన్ని. అత్త పోయింది. ఆ చూపు మాత్రం నాలో ఉండిపోయింది. పిల్ల పదో తరగతి పరీక్షకు వెళ్ళినా, మొదటిసారి ఆటల పోటీకి వెళ్ళినా, నేను తలుపు వెనకే నిలబడి చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా విన్నాను. ఎవరూ పొమ్మనకపోయినా నేనే పోయి నిలబడ్డాను.

పిల్లది తండ్రి పొడుగు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క మైదానంలో మగపిల్లలు దాన్ని గోలు దగ్గర నిలబెట్టేవారు. అలా మొదలైంది. ఇరవై రెండేళ్ళకు ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగులో మన ఊరి జట్టుకు తీసుకున్నారు. జట్టును రుషికొండ దగ్గర హాస్టల్లో పెట్టారు. వంటకు మనిషి కావాలంటే నేను వెళ్ళి చేరాను. కూరలు తరగడం, రొట్టెలు కాల్చడం నా పని. కిటికీలోంచి మైదానం కనిపించేది. రెండు నెలలు గోలు దగ్గర నా కూతురే నిలబడింది. ఆ రెండు నెలలూ ఒక్క రొట్టె కూడా మాడలేదంటే నమ్మండి.

తర్వాత డ్రాఫ్ట్ అన్నారు.

"డ్రాఫ్టంటే ఏటే?" అని అడిగాను.

"పై దేశాల ప్లేయర్ల పేర్లు పెడతారమ్మా. జట్లోళ్ళు వంతుల లెక్కన ఏరుకుంటారు. మన సేపల రేవులో మంచివి ముందోళ్ళు ఏరేసుకోరా, అలాగ."

"మరి మనోళ్ళు ఎవుల్ని ఏరతారు?"

"గోల్ కొట్టే పిల్లని. కోచ్ సెప్పేడు. నువ్వేటీ బెంగెట్టుకోకు."

ఆ సాయంత్రం అందరూ హాల్లో టీవీ ముందు కూర్చున్నారు. మా జట్టు వంతు వచ్చేసరికి అనుకున్న పిల్లను వేరేవాళ్ళు పట్టుకుపోయారు. మావాళ్ళు గబగబా గుసగుసలాడుకుని ఘనా దేశం పిల్లను తీసుకున్నారు. గోల్‌కీపరు. మిగతా ఆటకు పది మంది కావాలి, గోలు దగ్గర ఒక్కరే కదా. అందరూ చప్పట్లు కొట్టారు. నా కూతురు కూడా కొట్టింది. దాని చేతులు పెద్దవి, అందరికంటే దాని చప్పుడే గట్టిగా వినిపించింది.

ఘనా పిల్ల వచ్చింది. తిట్టుకుందామంటే కుదరలేదు. నెత్తళ్ళ చేపల వేపుడు కంచం నిండా పెట్టుకుని తినేది, నన్ను "మమ్మా" అనేది. మొదటి మ్యాచ్ రోజు బస్సు బయల్దేరుతుంటే నేను ఎప్పటిలా వంటింట్లోకి పోయాను. ఆ పిల్ల వెతుక్కుంటూ లోపలికి వచ్చి, పిండి చేతులతో ఉన్న నన్ను గట్టిగా వాటేసుకుని, తన తల నా తలకు ఆనించి పరిగెత్తింది.

మా వంటాయనది గోదావరి జిల్లా. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అయ్యబాబోయ్, ఏంటక్కా ఇది! అయిపోయిందండి ఇవాళ మ్యాచ్" అన్నాడు.

గెలిచారు. ఆ పిల్ల ఒక్క గోలు కూడా పోనివ్వలేదు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ వచ్చి అలాగే తల ఆనించి వెళ్ళేది. ఎక్కువ మ్యాచ్‌లు గెలిచారు. నా కూతురు మైదానం పక్క బల్ల మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందించింది.

ఒక మధ్యాహ్నం అది వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"దానికైతే ఎదురెల్తావ్. నానెల్తంటే తలుపెనకాల దాక్కుంటావ్."

"నాను ఎల్లలేదే. అదే వచ్చి పట్టేసుకుంది."

"అయితే నానూ పట్టేసుకుంటానుండు."

"వద్దే, సచ్చినా వద్దు!" అని ఉల్లిపాయల బుట్ట అడ్డం పెట్టుకున్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే ఆ బుట్టను విసిరి పారేసి ఉండాల్సింది అనిపిస్తుంది.

ఆఖరి మ్యాచ్‌కు ముందు రోజు ప్రాక్టీసులో ఘనా పిల్ల వేలు విరిగింది. రేపు నువ్వే అని కోచ్ నా కూతురితో అన్నాడు. పై ఏడాది జట్టులో ఎవరిని ఉంచాలో చూసి రాసుకునేవాళ్ళు కూడా ఆ మ్యాచ్‌కు వస్తున్నారని చెప్పాడు. దానికి ఉన్నది ఆ ఒక్క ఆటే.

పొద్దున అది సంచి భుజానికేసుకుని నా దగ్గరకు వచ్చింది.

"అమ్మా, ఇయ్యాల బస్సు కాడికొచ్చి ఎదురుగా నిలబడు. ఒక్కసారి."

"వస్తాన్లే. నువ్వెల్లు."

చేతులు కడుక్కున్నాను. కొంగు సర్దుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. శకునమని ఆగానంటే అబద్ధం. ఘనా పిల్ల అన్నిసార్లు గెలిచాక ఆ మాట నేనే నమ్మలేదు. నేను ఎదురు వెళ్ళి అది ఓడిపోతే ఆ ఓటమి జన్మంతా నా నెత్తిన ఉంటుంది. వెళ్ళకపోతే ఎవరూ నన్ను ఏమీ అనలేరు. ఇదీ నా బుర్రలో తిరిగింది. పిల్ల సంగతి కాదు, నా సంగతి చూసుకున్నాను. సామాన్ల గదిలోకి పోయి బియ్యం బస్తా మీద కూర్చున్నాను. బస్సు హారన్ మూడుసార్లు కొట్టింది. నా కోసమే ఆపించి ఉంటుంది. తర్వాత వెళ్ళిపోయింది.

వంటాయన ఫోనులో చూశాను. మొదటి గోలు దాని చేతుల్లోకి వచ్చి జారిపోయిన బంతే. పన్నెండేళ్ళప్పుడు కూడా వదిలేది కాదు అలాంటి బంతి. తర్వాత ఇంకో మూడు పోయాయి. వంటాయన ఫోను ఆపేసి, "పప్పు చూడాలక్కా" అని లేచాడు.

బస్సు తిరిగి వచ్చాక అది నా దగ్గరకు రాలేదు. నేనే గదికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"కడుపులో నొప్పొచ్చిందే, అందుకే రాలేపోనాను" అన్నాను.

"ఊఁ" అంది. తిట్టినా బాగుండును.

పై ఏడాది జాబితాలో దాని పేరు లేదు. కొత్త డ్రాఫ్టులో గోలుకు ఇంకో దేశం పిల్లను తీసుకున్నారట. ఇప్పుడు అది ఆనందపురం జంక్షన్లో బళ్ళు అమ్మే షోరూములో చేస్తోంది. బంతి ముట్టుకోదు. పట్టాల పక్క మైదానం మీదుగా దగ్గర దారి ఉన్నా చుట్టూ తిరిగి బస్సుకు పోతుంది.

మొన్న అది బయల్దేరే వేళకు నేను గుమ్మం ముందు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి.

అది చెప్పులేసుకుని తలెత్తి నన్ను చూసింది.

"ఏటమ్మా అలా నిలబడ్డావ్?"

"ఏటీ లేదే. ఎదురొద్దామని."

"సోరూంకి ఎల్తన్నానమ్మా. అక్కడ ఓడిపోడానికేటుంది? జరుగు, బస్సెల్లిపోద్ది."

నేను పక్కకు జరిగాను.