బేరం కుదిరిన హార్మోనియం

మూడు వేల ఆరు వందలు చెప్పిన హెడ్‌ఫోన్లని రెండు వేల నూట యాభైకి దింపి, కొసరుగా ఓ చిన్న నల్ల డబ్బీ కూడా రాబట్టి, నా కరెంటు పియానోకి బొత్తిగా పనికిరాని సరుకుని ఏలూరు బజారు నుంచి వట్లూరులో మా ఇంటి దాకా ఊరేగింపుగా మోసుకొచ్చినదాన్ని నేను. ఇంత దర్జాగా నష్టపోవడం అందరికీ చేతకాదు; మూడు తరాల దుకాణం వెనకాల ఉండాలి. వైరు లేనివి కదా అని మురిసిపోయాను. పియానో శబ్దాన్ని గాల్లో చెవులకి పంపే ఆ డబ్బీని, దానికున్న లావు పిన్నుతో పియానోకి తగిలించి మెట్టు నొక్కితే, కొల్లేరు మీద మెరుపు మెరిశాక ఉరుము వచ్చినట్టు, వేలు లేచిపోయాక శబ్దం వచ్చింది. ‘రి’ దగ్గరికి వెళ్ళేసరికి ‘స’ వినపడుతోంది. తప్పు నా వేళ్ళదో, చెవులదో, వస్తువుదో తేలక రెండు రోజులు నన్ను నేనే అనుమానించుకున్నాను.

అసలు హెడ్‌ఫోన్ల గొడవ మేడ మీద ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల వల్ల వచ్చింది. ఒకమ్మాయి కిందికి దిగొచ్చి, “ఏమీ అనుకోకండాంటీ, పరీక్షలండీ. మీరు ఆ ఒక్క ముక్కే నలభై సార్లు వాయిస్తుంటే, రేపు పేపర్లో అదే రాసేసి వస్తామేమోనని భయంగా ఉందండీ” అంది, ఎంతో మర్యాదగా. మా ఆయన కూడా అదే అదను చూసుకుని, “చెవులకేదన్నా కొనుక్కో, లేదా అమ్మేసెయ్యి. యాభై రెండేళ్ళకి పియానో ఏంటోయ్” అన్నారు. ఇప్పుడు హెడ్‌ఫోన్లు కుదరకపోతే పియానో ఇంట్లో ఉండదు.

మూడో రోజు ఆ పనికిరాని జతని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, చెవి మెత్తల నుంచి కొత్త రెక్సిను వాసన వేసింది. దాని వెనకాలే, ఎక్కడినుంచో, పాత తోలు వాసన, చింతపండు పెట్టి తోమిన ఇత్తడి వాసన వచ్చి నన్ను తాతయ్య గిన్నెల కొట్లో దింపేశాయి.

ఏలూరు బజారులో ఆ కొట్టు నేల మీద గంగాళాలు, గోడల మీద సైజు వారీగా పళ్ళేలు, పైకప్పుకి వేలాడుతూ బిందెలు, వాటి నడుమ గల్లాపెట్టె దగ్గర తాతయ్య. మాఘమాసం పెళ్ళిళ్ళకి సారె సామాను కొనడానికి కొల్లేరు ఊళ్ళ నుంచి ఎద్దుబళ్ళూ బస్సులూ దిగి వచ్చిన ఆడవాళ్ళు ప్రతి బిందెనీ ఎత్తి వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఖంగుమంటే మురిసి, బొంగురుపోతే పెదవి విరిచి, ఇంటి నుంచి చీరకొంగులో చుట్టి తెచ్చుకున్న మూతని గిన్నె మీద పెట్టి సరిపోయిందో లేదో తిప్పి తిప్పి చూసుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చేవాళ్ళు ఉల్లిపాయల మార్కెట్టులో ఆరితేరి ఉండేవారు కాబట్టి వాళ్ళతో బేరం మధ్యాహ్నం దాకా సాగేది. నానమ్మ పంపిన దబ్బకాయ పులిహోర క్యారియరు అలాగే చల్లారిపోయేది. బేరం తెగాక కూడా, “కొసరో?” అంటే ఓ గరిటో, ఓ గ్లాసో పడాల్సిందే. అక్షరాల కన్నా ముందు నాకు కొసరు అడగడం వచ్చింది.

పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇవ్వడం కూడా మా వ్యాపారమే. నా తొమ్మిదో ఏట, వానాకాలం మొదట్లో, కలిదిండి నుంచి ఒకాయన పాత బిందెలతో పాటు ఓ హార్మోనియం పెట్టె పడేసి వెళ్ళాడు. తాతయ్య దాని తిత్తి లాగి రెండు మెట్లు నొక్కి, “గొంతు బాగానే ఉందే” అని నా ముందుకి తోశారు. అది నాదైపోయింది. చిక్కల్లా ఒకటే. నేను వాయిస్తుంటే గిరాకీలకి బిందె మోత వినపడేది కాదు. అందుకని కొట్లో మనుషులున్నంత సేపూ తిత్తి ముట్టుకోకూడదని కట్టడి చేశారు. నేను వెనక గదిలో బస్తాల మీద కూర్చుని, తిత్తి కదపకుండా, ఒట్టి మెట్ల మీద, గుళ్ళో భజనలో విన్న పాటని లోపల్లోపల పాడుకుంటూ వాయించేదాన్ని. శ్రావణ మాసపు ముసురూ, భాద్రపదంలో వినాయకుడి ఉండ్రాళ్ళూ, దసరా పప్పుబెల్లాలూ, అన్నీ ఆ గాలి లేని మెట్ల మీదే గడిచిపోయాయి. బయటికి టకటక తప్ప మరేమీ వినపడేది కాదు. గల్లాపెట్టె దగ్గర్నుంచి తాతయ్య, “అయిందామ్మా పాట?” అనేవారు. అయిందంటే, “బాగా వాయించావు” అనేవారు.

కార్తీకంలో కలిదిండి నుంచి ఓ పెద్దాయన వెతుక్కుంటూ వచ్చాడు. భజన మాస్టారట. తను ఊళ్ళో లేనప్పుడు మేనల్లుడు తెలియక ఇచ్చేశాడట. అరవై రూపాయలిస్తానన్నాడు. తాతయ్య నావైపు చెయ్యి చూపించి, “అది మా మనవరాలిదండీ. దాన్నే అడగండి” అన్నారు.

బేరం! నాతో! కొట్లో పెద్దవాళ్ళంతా చూస్తుండగా! రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని రెండు వందలన్నాను. ఆయన ఎనభై అన్నాడు. నేను పెట్టె మూత వేసేశాను. ఆయన వంద అన్నాడు. తిత్తి తోలు కొత్తదన్నాను, అబద్ధం. ఆయన నూట నలభై దాకా వచ్చి ఆగిపోయాడు, నేను “సరే గానీ, కొసరో?” అన్నాను. ఆయన సంచీలోంచి కొల్లేటి తామరకాయలు గుప్పెడు తీసి నా గౌను ఒళ్ళో పోశాడు. గిరాకీలు నవ్వారు, ఎవరో నా వీపు తట్టారు. ఆ గింజలు తియ్యగా, పచ్చివాసనగా ఉన్నాయి. తామరకాయలు అయిపోయేదాకా నాకు తెలియనే లేదు, బస్తాల మీద చోటు ఖాళీ అయిందని.

సాయంత్రం తాతయ్య మెల్లిగా, “అమ్మనని ఎందుకనలేదమ్మా?” అన్నారు.

“నూట నలభై ఇస్తానన్నాడు కదా తాతయ్యా” అన్నాను, వెక్కుతూ.

హెడ్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని ఇదంతా తలుచుకుంటుండగానే ఫోను మోగింది. పియానో అమ్ముతామని మా ఆయన ఎవరితోనో అననే అన్నారట. ఆకివీడు నుంచి ఒకాయన. “పియానో పద్దెనిమిది వేలకి తీసుకుంటానండీ.” నా నోరు నా అనుమతి లేకుండానే, “ఇరవై రెండు” అనేసింది. “ఇరవయ్యండీ” అన్నాడాయన. నాలిక మీదకి ‘ఇరవై ఒకటి’ వచ్చి కూర్చుంది. దాన్ని మింగి, “అమ్మడం లేదండీ” అన్నాను. “మరి ఇంతసేపూ బేరమాడారేంటండీ?” అన్నాడు పాపం. ఫోను పెట్టేశాను.

మర్నాడు మళ్ళీ ఆ హెడ్‌ఫోన్లు కొన్న కొట్టుకే వెళ్ళాను. మూత తెచ్చుకునే ఆడవాళ్ళని తలుచుకుని, ఈసారి పియానోకి హెడ్‌ఫోన్లు తగిలించే చిల్లు ఫోటో తీసుకెళ్ళాను. కొట్టతను అయిదు రకాలు పరిచాడు. “ఇవి వెనకాల చిల్లులున్నవండీ. గాలాడుద్ది గానీ బయటికి వినపడుద్ది. ఇవి మూసున్నవి. బయటికి రాదు గానీ చెవులకి చెమట పడుద్దండీ. ఇవి ముప్పై రెండు ఓములు, ఇవి ఎనభై.” ఎనభై ఎక్కువ కదా, రేటు తక్కువేమిటన్నాను. “ఎక్కువైతే మంచిదని కాదండీ. మీ పియానోకి అంత బలం లేకపోతే సన్నగా వినపడుద్ది.” నాకు ఏమీ పాలుపోక ఒక దాన్ని ఎత్తి వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. “అది ఇత్తడి కాదండీ” అన్నాడతను. చివరికి అక్కడున్న కీబోర్డుకి ఒక్కొక్కటే తగిలించి, ఆ పాత భజన పాట మొదటి ముక్క వాయించి చూశాను. మూసున్న వాటిల్లో, వైరున్న ఒక జతలో, వేలు పడ్డప్పుడే శబ్దం పడింది. మూడు వేల నాలుగు వందలన్నాడు. ఇచ్చేశాను. బేరం మొదలుపెడితే నేనెందుకొచ్చానో మర్చిపోతాను కనక.

అతను కంగారుపడ్డాడు. “అడగరేంటండీ? ఏమన్నా కోపమాండీ? పోనీ కొసరుగా…”

“వద్దండీ. ఈ పిన్ను నా పియానోకి పడుతుందా?” అని ఫోటో చూపించాను. పడదు. పెద్ద చిల్లుకి పిన్ను విడిగా కొనాలి. ఆ చిన్న ఇత్తడి రంగు ముక్కకి నూట ఇరవై.

గిన్నెల కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బిందె ఎత్తి వినేవాళ్ళు లేరు, కొంగులో మూతలు లేవు, తాతయ్య లేరు. ఆ సాయంత్రం నేను వాయిస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. మెత్తలు తీసి, ఏమిటన్నాను.

“టకటకే తప్ప ఏమీ వినపడటం లేదోయ్. అయిందా పాట?”

“ఇంకా లేదండీ” అని మళ్ళీ పెట్టుకున్నాను.

లెక్క ఇదీ. పనికిరాని జత రెండు వేల నూట యాభై, పనికొచ్చింది మూడు వేల నాలుగు వందలు, పిన్ను నూట ఇరవై, రెండుసార్లూ కలిపి ఆటోకి నూట అరవై. మొత్తం అయిదు వేల ఎనిమిది వందల ముప్పై. జమ వైపు, హార్మోనియం తాలూకు నూట నలభై రూపాయలు. వాటితో ఏం కొనుక్కున్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.