నాలుగు చక్రాలూ తిరిగే బండిలో మామ్మగారి నీళ్లు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ ప్రపంచంలో ఏ వస్తువైనా సరే, దాని కిందకి దూరి పడుకుని టార్చి వేసి చూస్తే అర్థమైపోతుందని. నేను చదువుతున్నది అకౌంటింగు. ఉంటున్నది పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో, ఒక నెల్లూరక్కతో కలిసి అద్దె ఇంట్లో. చదువుకీ చక్రాలకీ ఏ సంబంధమూ లేకపోయినా నా సాయంత్రాలు చాలావరకు ఒక పాత యూట్ కిందే గడిచేవి. (యూట్ అంటే ముందు నలుగురు కూర్చుని వెనక సామాను వేసుకునే బండి. మన ఊళ్లో కూరగాయలు మోసే బండికి బాగా తిని పెరిగిన అన్నయ్య అనుకోండి.) నేను పార్ట్‌టైం పనిచేసే మొక్కల నర్సరీలో, సొంత బండి ఉంటే ఎక్కువ షిఫ్టులు ఇస్తామన్నారు. ఆ మాట పట్టుకుని ఒక ముసలి రైతు దగ్గర కొనేశాను.

అది అమెరికాలో పుట్టి, ఇక్కడికొచ్చాక స్టీరింగును ఎడమ నుంచి కుడికి మార్పించుకున్న బండి. దాని గొప్పేమిటంటే వెనక చక్రాలు కూడా తిరుగుతాయి. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందువి కుడికి తిరిగితే వెనకవి ఎడమకి తిరుగుతాయి, అందుకని అంత పెద్ద బండీ ఇంత చోటులో మలుపు తీసుకుంటుంది. వేగం పెరిగితే నాలుగూ ఒకే వైపు తిరుగుతాయి. రైతు తన పెరట్లో దాన్ని ఒక్క ఊపులో గుండ్రంగా తిప్పి చూపించాడు, నేను అక్కడే పడిపోయాను. తిప్పిన తర్వాత ఆయన ఎందుకంత హాయిగా నిట్టూర్చాడో నాకు నెల తిరక్కుండానే తెలిసింది. వెనక ఇరుసు మీద ఒక మోటారు ఉంటుంది, దానికి వెళ్లే వైర్లకి ఒక ప్లగ్గు ఉంటుంది. ఆ ప్లగ్గులోకి తడి చేరితే ముందు పసుపు దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే వెనక చక్రాలు వాటంతటవే తిన్నగా నిలబడతాయని బండితో వచ్చిన పుస్తకంలో రాశారు. మా బండి ఆ పుస్తకం చదవలేదు. ఎటు తిరిగి ఉంటే అటే బిగుసుకుపోయేది. ఒక మెకానిక్ దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ముందు చక్రాలైతే చూస్తాను గానీ వెనకవాటితో నాకు పరిచయం లేదన్నాడు. ఇక నేనే ప్లగ్గు విప్పడం, తుడవడం, ఆరబెట్టడం, గ్రీజు పూయడం, స్టీరింగు పక్కనున్న బటన్ నొక్కి పట్టుకుని చక్రాలను బతిమాలడం నేర్చుకున్నాను.

అలాంటి బండికి ఒక శీతాకాలపు ఆదివారం నాడు మామ్మగారి బాప్తిస్మం పని పడింది. మామ్మగారంటే మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక ఆంటీకి అమ్మగారు. పాలకొల్లు వైపు నుంచి కూతుర్ని చూడటానికి వచ్చారు, సోమవారం తిరుగు ప్రయాణం. నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలని ఆవిడకి ఎన్నో ఏళ్ల కోరిక. మొదటిసారి అన్నీ సిద్ధమయ్యాక కాలువకి నీళ్లు కట్టేశారు. రెండోసారి తాతగారు పోయారు. మూడోసారి మోకాలి ఆపరేషన్. ఈసారి కూడా దాటిపోతే ఇక ఈ జన్మకి లేదని ఆవిడ తేల్చేశారు. కూతురిదొకటే షరతు. అంతకుముందే అమ్మకి ఊపిరితిత్తులకి జబ్బు చేసి తగ్గింది కాబట్టి చన్నీళ్లయితే కుదరదు, ముట్టుకుని చూసి చల్లగా ఉంటే అక్కడికక్కడే ఆపేస్తానంది.

"అయితే ఇంట్లోనే బాత్‌టబ్‌లో ఇప్పించేద్దాం అమ్మా, ఈజీగా అయిపోతుంది," అంది ఆంటీ.

"దొంగచాటుగా తీసుకోడానికి నేనేం తప్పు చేశానే? సంఘం ముందే తీసుకుంటాను," అన్నారు మామ్మగారు.

సంఘం కూడేది అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో. అక్కడ వేడినీళ్లు లేవు, స్టవ్వు వెలిగించనివ్వరు. అప్పుడు ఆంటీ భర్త, వంతెనలు కట్టే ఇంజినీరు అంకుల్, కాగితం మీద ఒక బొమ్మ గీశారు. "సింపుల్ అమ్మా. వాటర్ ఇక్కడే హీట్ చేసి, తొట్టిలో నింపి, నీ యూట్‌లో తీసుకెళ్లిపోదాం. ట్వంటీ మినిట్స్ డ్రైవ్." నర్సరీ నుంచి నేనే పశువులు నీళ్లు తాగే పెద్ద ప్లాస్టిక్ తొట్టి తెచ్చాను. (కొత్తదే. ఏ పశువూ మూతి పెట్టలేదని మామ్మగారు రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు.) తొట్టి సగమైనా నిండకముందే ఇంట్లో వేడినీళ్లు అయిపోయాయి. మిగతాది చన్నీళ్లతో నింపి, "మిక్స్ అయితే గోరువెచ్చగా ఉంటుంది, డోంట్ వర్రీ," అన్నారు అంకుల్. పైన దుప్పట్లు కప్పి, బట్టలారేసే తాడుతో కట్టాం. ఆంటీ, అంకుల్ హాలు సర్దడానికి ముందే వెళ్లిపోయారు. మామ్మగారు మాత్రం నీళ్లతోనే వస్తానని పట్టుబట్టి, తెల్లచీరలో నా పక్కన ఎక్కారు. నెల్లూరక్క వెనక సీట్లో కూర్చుని, అద్దంలోంచి తొట్టికి కాపలా కాసింది.

వీధి చివర, గుండ్రంగా చుట్టి వెళ్లాల్సిన మొదటి రౌండెబౌట్ దగ్గరే కష్టాలు మొదలయ్యాయి. ముందు భాగం ఒకవైపు వెళ్తుంటే వెనక భాగం ఇంకోవైపు ఊగింది, తొట్టిలో నీళ్లు రెంటినీ కాదని మూడోవైపు లేచాయి.

"ఏందిమే ఇది! బిందెలకి బిందెలు పోతా ఉండాయి!" అని అరిచింది అక్క.

"బండెందుకే అమ్మాయ్ అలా కులుకుతోంది?" అన్నారు మామ్మగారు.

"నాలుగు చక్రాలూ తిరుగుతాయండి మామ్మగారూ."

"నలుగురూ ఒకమాట అనుకుని తిరగొచ్చు కదా!"

నెమ్మదిగా వెళ్తే తోక ఊగుతుంది, వేగంగా వెళ్తే నీళ్లు ఎగిరిపోతాయి. ఏ వేగంలో వెళ్లాలో చెప్పేవాళ్లు ఈ ఖండంలో ఎవరూ లేరు. మూడో రౌండెబౌట్ దాటుతుండగా వెనక దబ్బున చప్పుడైంది, ఒక పెద్ద అల తొట్టి దాటి కిందకి దూకింది. ఆ వెంటనే పసుపు దీపం వెలిగింది. వెనక చక్రాలు వంకరగా తిరిగి అలాగే బిగుసుకుపోయాయి. తిన్నగా పోవాలంటే ముందు చక్రాలను కూడా అంతే వంకరగా పట్టుకోవాలి. అంటే బండి మూతి ఒకవైపు చూస్తుంటే మేము మరోవైపు వెళ్తున్నాం, అచ్చం ఎండ్రకాయలాగా. వెనక కార్లు హారన్లు మోగిస్తున్నాయి. ఎదురుగా కుక్కని నడిపిస్తున్న ఒకాయన నిలబడి, మేం దాటేదాకా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఒక గోడౌన్ ముందు ఎలాగో ఆపి, ఆదివారం బట్టలతోనే బండి కిందకి దూరాను. ప్లగ్గు విప్పితే నీళ్లు కారాయి. తుడవడానికి ఏమీ లేక, అమ్మ పంపిన కొత్త పట్టు చున్నీతో తుడిచాను. పైనుంచి తొట్టి నీళ్లు మెడ మీద ధారగా పడుతున్నాయి, ప్లగ్గుకి చెయ్యి అడ్డం పెడితే మొహం మీద పడుతున్నాయి. అది చాలదన్నట్టు చినుకులు మొదలయ్యాయి. అక్క దిగి గొడుగు పట్టింది. నాకు కాదు, తొట్టికి. బటన్ నొక్కి చూశాను, దీపం పోలేదు. మళ్లీ కిందకి దూరాను. అంతలో ఆంటీ ఫోన్. "ఎక్కడున్నార్రా? ఐదింటికి హాలు ఖాళీ చేసెయ్యాలి, పాస్టరు అయ్యగారు వెయిట్ చేస్తున్నారు!" ఏడుపొచ్చేసింది నాకు. కాలువ, తాతగారు, మోకాలు, ఇప్పుడు నా బండి. ఆవిడ చెప్పుకునే వరసలో నాలుగోది నేనే అవుతానేమో.

బండిలోంచి మామ్మగారి ప్రార్థన వినిపించింది. "ప్రభువా, ఎందరినో తిన్నగా నడిపించావు. ఈ రెండు చక్రాలూ నీకో లెక్కా?" నేను గట్టిగా ఊపిరి పీల్చి ప్లగ్గులోకి ఊదాను, చున్నీ కొస మెలిపెట్టి లోపల తిప్పాను, గ్రీజు దట్టంగా అద్ది మూశాను. బండెక్కి బటన్ నొక్కి పట్టుకున్నాను. వెనక ఎక్కడో మూలిగినట్టు ఒక శబ్దం వచ్చి, చక్రాలు మెల్లగా తిన్నగా అయ్యాయి. "ఆమెన్," అంది నెల్లూరక్క. (ఆమె రోజూ పొద్దున్నే వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టే మనిషి.)

హాలు చేరేసరికి సంఘమంతా కారు పార్కులో నిలబడి ఉంది. అప్పుడు తెలిసింది, నీళ్లున్న తొట్టిని కిందకి ఎలా దించాలో మాలో ఎవరూ ఆలోచించలేదని. ఎనిమిదిమంది చొక్కా చేతులు మడిచి పట్టారు. అది కదల్లేదు. అంకుల్ తన బొమ్మ ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇక్కడే కానివ్వండి అయ్యగారూ," అన్నారు మామ్మగారు. "ఎత్తు మీద ఉంది కదా, అందరికీ కనబడుతుంది."

అయ్యగారు చెప్పులు విడిచి బండెక్కారు. కుర్చీ వేసి మామ్మగారిని కూడా ఎక్కించాం. ఆంటీ గుంపులోంచి తోసుకుంటూ వస్తోంది. "ఆగండాగండి, నీళ్లు నేను చూడాలి, చల్లగా ఉన్నాయేమో!" ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో ఆ కారు పార్కులో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా జుట్టు నుంచి మడమల దాకా కారుతున్నవి అవే. పళ్లు టకటకలాడకుండా దవడ బిగించి నిలబడ్డాను. మామ్మగారు వంగి, మోచేతి దాకా తొట్టిలో పెట్టారు. ఒక్క క్షణం ఆవిడ కళ్లు మూసుకుపోయాయి. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"కమ్మగా, గోరువెచ్చగా ఉన్నాయే. పురిటి స్నానంలా ఉంది." అని నా తడిసిన మొహంలోకి సూటిగా చూశారు. "కదే అమ్మాయ్?"

"అవునండి మామ్మగారూ," అన్నాను.

సగానికి తక్కువే ఉన్నాయి నీళ్లు. ఆవిడ కాళ్లు చాపి కూర్చుని, అయ్యగారి చేతుల మీద వెనక్కి వాలిపోయారు. తెల్లచీర నీళ్లలో పరుచుకుంది. ఆవిడ లేచేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. పాట అందుకున్నారు సంఘంవాళ్లు. తువ్వాళ్లు చుట్టి దించుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, ఆ వేళ్లు నా వేళ్లలాగే గడ్డకట్టి ఉన్నాయి. మర్నాడు ఆవిడ విమానం ఎక్కేశారు. ఆవిడకి జలుబు కూడా చేయలేదు, వారం రోజులు మంచం పట్టింది నేను.

చదువైపోయాక ఆ బండి అమ్మేశాను. ఇప్పుడు నా కారుకి ముందు చక్రాలు మాత్రమే తిరుగుతాయి. ఎవరైనా నీళ్లు మోసుకెళ్దాం రమ్మంటే, ముందు కిందకెలా దించుతారని అడుగుతాను. అందుకే కాబోలు, నన్నెవరూ రమ్మనడం లేదు. ఒక్కోసారి చలికాలం పొద్దున్న గీజరు వేడెక్కడానికి ఆగలేక చన్నీళ్లు మీద పోసుకుంటే మామ్మగారు గుర్తొస్తారు. బండి కింద పట్టు చున్నీతో ప్లగ్గు తుడుస్తూ ఏడుస్తున్న ఆ పిల్ల కూడా గుర్తొస్తుంది. దాన్ని చూసి నవ్వొస్తుంది, ఆ మొండి ధైర్యం నాలో ఇప్పుడు లేదని కాస్త దిగులూ వేస్తుంది. నీళ్లెలా ఉన్నాయని మావాళ్లెవరైనా బయట నుంచి కేకేస్తే, వెచ్చగానే ఉన్నాయని చెబుతాను.