నర్సమ్మప్ప వార్డు

మొన్న గాజువాక బస్టాపులో ఒక ముసలమ్మ నా పక్కన కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుంది. అడ్డపొగ తాగేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు గానీ, ఆ ఘాటు నా ముక్కు మరిచిపోలేదు. నేను పని నేర్చుకున్న డెబ్బైల చివర్లో, ఆ పొగకు నోరు పుండై వచ్చిన ఆడవాళ్లు మా వార్డులో ఎప్పుడూ ఉండేవారు. నా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నా మనసు నర్సమ్మప్ప దగ్గరే ఉండిపోయింది.

అసలు పేరు అప్పలనరసమ్మ. పెద్దక్కను మావైపు అప్ప అంటాం కాబట్టి అందరికీ నర్సమ్మప్పే. ఆసుపత్రులు ఇక లాభం లేదని పంపేసినవాళ్లను చివరి రోజుల్లో చూసుకునే చిన్న ధర్మశాల అది, పన్నెండు మంచాలు. అందులో ఆమె ఆయా. సంతకం రాదు, వేలిముద్రే. అయినా డాక్టరుగారు రౌండుకు వస్తే కాగితాల కంటే ముందు ఆమె ముఖం చూసేవారు. రెండేసి గంటలకొకసారి ఒక్కొక్కరినీ పక్కకు తిప్పి, వీపు తుడిచి, పొడి చెయ్యాలి. లేకపోతే మంచం పుండ్లు పడతాయి. "ఈళ్లకి పుండు పడితే అది నా మొకం మీద పడినట్టేనే" అనేది. ఆ వార్డులో ఎవరికీ పుండు పడగా నేను చూడలేదు. ఈ మాట ఎవరి ముందైనా తలెత్తుకుని చెబుతాను.

సబ్బవరం దగ్గర పొలం పనులు చేసుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. ఆయాగా చేరి గంజి పెట్టిన తెల్లచీర కట్టగానే సగం డాక్టరునైపోయాననుకున్నాను. నెల తిరగకుండానే ఆ పొగరు దిగింది.

ఆనందపురం వైపు నుంచి పైడమ్మ అనే ఆమె వచ్చింది. అడ్డపొగ అంగిలిని తినేసింది, మాట లేదు. వచ్చిన నాలుగో రోజు పొద్దున్నించీ మంచం మీంచి దిగబోతోంది. కాలు కిందికి వేస్తుంది, నేను ఎత్తి పైన పెడతాను. మళ్లీ వేస్తుంది. రోగి నేల మీద కనిపిస్తే కిందపడినట్టు లెక్క, ఆ పూట డ్యూటీలో ఉన్న ఆయాను ఇంటికి పంపేస్తారు. నాదింకా టెంపరరీ. భయపడి, కట్టుగుడ్డతో ఆమె రెండు చేతులూ మంచం ఊచలకు కట్టేశాను. తెలివైన పని చేశానని కూడా అనుకున్నాను.

నర్సమ్మప్ప భోజనం నుంచి వచ్చి చూసింది. అరవలేదు. ఆమె కట్లు విప్పి, నన్ను పక్కన ఖాళీ మంచం మీద పడుకోమని, ఆ గుడ్డతోనే నా చేతులు ఊచలకు కట్టింది. ముక్కు మీద ఈగ వాలింది. దులుపుకోలేక తల అటూ ఇటూ తిప్పుతున్నాను.

"ఎలాగుందే?" అంది.

"విప్పీ అప్పా. తప్పయిపోనాది."

"తప్పని నాకు సెప్పకు. ఆవిడికేటి కావాలో అడిగావేటి?"

"మాటే లేదు గదప్పా, ఎలా అడుగుతాను?"

నర్సమ్మప్ప నా కట్లు విప్పి, పైడమ్మ చెవి దగ్గర వంగింది. "అప్పా, నేల మీదకి దిగుతావా?" అని అడిగింది. పైడమ్మ కళ్లు మూసి తెరిచింది. కళ్ల పక్కనుంచి నీళ్లు కారిపోయాయి.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ప్రాణం మంచం మీద పోకూడదని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మా నాన్నమ్మను చాప మీదకు దించినప్పుడు దీపం పట్టుకున్నది నేనే. తెల్లచీర కట్టగానే అదంతా మరిచిపోయాను.

చాప వేసి, దాని మీద రెండు కంబళ్లు పరిచి, దుప్పటి నాలుగు చెంగులూ పట్టి ఇద్దరం ఆమెను దించాం. పైడమ్మ చాప దాటి చెయ్యి చాపి, సిమెంటు గచ్చు మీద అరచెయ్యి ఆనించింది. దాంతో ఆ పెనుగులాట ఆగిపోయింది. అంతలో మేట్రనమ్మగారు వచ్చారు. గోదావరి మనిషి, నియమం అంటే నియమమే.

"పేషెంటు కింద ఉందేంటి? ఎవరు దించారండీ?"

నర్సమ్మప్ప నోరు తెరిచేలోపు, "నానేనండి" అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

"ఇద్దరమండి. ఆవిడ అడిగింది, మేం దించాం" అంది నర్సమ్మప్ప. మేట్రనమ్మగారు మోకాళ్ల మీద కూర్చుని నాడి చూశారు. పైడమ్మ ముఖం కూడా కాసేపు చూశారు. "తల కింద ఇంకో దిండు పెట్టండి, ఊపిరి తేలిగ్గా ఆడుతుంది" అని లేచి వెళ్లిపోయారు. నేల మీద కూడా రెండు గంటలకోసారి తిప్పాం, తడి దూదితో పెదవులు తడిపాం. మర్నాడు పొద్దున ఆ చెయ్యి గచ్చు మీదే ఉండగా పైడమ్మ వెళ్లిపోయింది. "నా దగ్గర నేర్సుకున్న పిల్లండి" అని ఆ రోజు డాక్టరుగారికి నర్సమ్మప్ప నన్ను చూపించింది. అంత గొప్ప మెప్పు నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ చిమ్నీలు లేచిన రోజుల్లో నర్సమ్మప్పే రోగిగా ఆ వార్డుకు వచ్చింది. కాలేయం పాడై, ఒళ్లంతా నీరు పట్టి బరువెక్కింది. ఆఖరి మధ్యాహ్నం నేను చెవి దగ్గర వంగాను.

"నేల మీదకి దిగుతావా అప్పా?"

"వద్దే. బరువైపోనాను. నీ నడుం ఇరిగిపోతాది."

"నా నడుం సంగతి నాను సూసుకుంతాను. నీకేటి కావాలో అది సెప్పు."

నా వైపు చూసి నవ్వింది. "అయితే దించీ" అంది.

దించాను. తల వైపు ఒక్కదాన్నే పట్టాను, ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ రోజు పట్టేసిన నడుం ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఎప్పటినుంచి నొప్పి అని డాక్టర్లు అడుగుతారు. నేను నిటారుగా కూర్చుని, మా అప్పను దించినప్పటినుంచి అని చెబుతాను.