పుట్టీ పూసిన పడవ

మా అక్క కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. తల దువ్వుకోవాలంటే మెడ వంచి, తలనే చేతి దగ్గరకు తెచ్చుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నాలుగేళ్లయింది, మంట తగ్గలేదు.

నేను తిరువూరులో వడ్రంగిని. బస్టాండుకు కాస్త దూరంలో రేకుల షెడ్డు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాను. ఈమధ్య ప్లైవుడ్ అల్మారాలే ఎక్కువ. అక్కను గంపలగూడెం వైపు ఒక పల్లెకు ఇచ్చారు. ఆ ఊరికీ పెద్ద రోడ్డుకీ మధ్య వాగు. దానిమీద చప్టా ఉంది గానీ వాన గట్టిగా పడితే అది మునిగిపోతుంది. ఒకసారి మునిగితే మూడు రోజులో, వారమో ఊరు ఊరంతా అవతలే ఉండిపోవాలి. పురిటికి వెళ్లేవాళ్లయినా, పరీక్షకు వెళ్లేవాళ్లయినా అంతే.

మా బావకు వాగు ఇవతల కొంచెం మామిడి తోట ఉండేది. వానాకాలం తోటకు రావడానికని కృష్ణ ఒడ్డు నుంచి ఒక పాత చెక్క పడవ కొని లారీలో వేసుకొచ్చాడు. తనకోసం తెచ్చుకున్న పడవ నెల తిరక్కుండా ఊరందరిదీ అయింది. చప్టాకు ఎగువన, నీళ్లు పరుచుకుని నెమ్మదిగా పారే చోట, ఈ ఒడ్డు తాటిచెట్టు నుంచి ఆ ఒడ్డు తాటిచెట్టుకు లావుపాటి తాడు కట్టాడు. ఆ తాడు వెంబడే గెడ వేసుకుంటూ జనాన్ని దాటించేవాడు. కిడ్నీ జబ్బుతో బావ పోయాక అక్క గెడ పట్టుకుంది. ఆడమనిషి పడవ నడపడమేంటని మొదటి ఏడాది నవ్వినవాళ్లే, రెండో ఏడాది ఒడ్డున నిలబడి "వదినా, ఇటు రా" అని కేకలు పెట్టారు.

నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో అక్క ఫోన్ చేసింది. "పడవ వెనకాల అడుగున చెమ్మ వస్తోందిరా. పోయిన వానాకాలం ఒక చెంబుతో తోడితే సరిపోయింది. ఈసారి బకెట్టు పట్టేట్టుంది. ఒకసారి వచ్చి చూడు."

వెళ్లి చూశాను. అడుగు పలకలు మూడు మెత్తబడ్డాయి. లోపల పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు కూడా పుచ్చిపోయాయి. నెల రోజుల పని. నా చేతిలో అప్పుడు ఒక కల్యాణ మండపం తలుపులున్నాయి. "జూన్‌లో చూద్దాం అక్కా" అన్నాను. జూన్‌లో ఇంకో పని తగిలింది. ఆ ఊరి నాయకుడు కొత్త ఇల్లు కడుతున్నాడు, తలుపులూ ద్వారబంధాలూ నాకే ఒప్పజెప్పాడు. అంత పెద్ద టేకు పని నాకెప్పుడూ రాలేదు. పడవ సంగతి పక్కకు పోయింది.

అక్క నన్ను అడిగి అడిగి విసిగి, ఆ నాయకుణ్నే అడిగింది. ఆయన వెంటనే సరేనన్నాడు. ఆయన దగ్గర అన్ని పనులూ చూసే కాంట్రాక్టరు ఒకడున్నాడు. వీధి లైట్లూ వాడే, మురుగు కాలవలూ వాడే. వాడు పడవను ట్రాక్టరు మీద ఎక్కించుకుపోయాడు. నాలుగంటే నాలుగు రోజుల్లో తిరిగి తెచ్చాడు. నీలం రంగు, అంచుకి పసుపు గీత, ముందువైపు నాయకుడు నవ్వుతున్న స్టిక్కరు.

ఒడ్డున షామియానా వేశారు, మైకు పెట్టారు. పడవకు పూలదండ వేసి రిబ్బను కట్టారు. నేనూ వెళ్లాను. ప్రసంగాలు జరుగుతుంటే వెనక్కి వెళ్లి, వంగి, పడవ అడుగున వేలితో నొక్కాను. వేలు దిగింది. రంగు కింద గట్టిదనమే లేదు. గోడలకు పూసే పుట్టీ అది. చెక్క మార్చలేదు, పుచ్చు తియ్యలేదు, మెత్తబడిన చోటల్లా పుట్టీ మెత్తి రంగేశారు. ముప్పై ఏళ్లు చెక్కతో బతికినవాణ్ని, నాకు తెలియకపోవడమేంటి.

లేచి నిలబడేసరికి కాంట్రాక్టరు నా పక్కనే ఉన్నాడు. "ఎలా ఉందండి మేస్త్రీ, పని?" అన్నాడు.

"బాగుందండి" అన్నాను.

నా చేతిలో లడ్డూ పెట్టాడు. తిన్నాను.

ఆ మాట ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. అంతమంది ముందు ఆ నాయకుడి పరువు తీస్తే నా టేకు పని పోతుంది. జనం వెళ్లాక అక్క చెవిలో వేద్దాంలే అనుకున్నాను. భోజనాలయ్యాయి. ఎవరో తిరువూరు వెళ్తుంటే వాళ్ల బండెక్కి వచ్చేశాను. మర్నాడు ఫోన్ చేద్దామనుకున్నాను, చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. వానలు పడలేదు కదా, ఇంకా టైముంది కదా అనుకున్నాను.

శ్రావణంలో ఒక్కసారిగా ముసురు పట్టింది. మూడో రోజుకు చప్టా మునిగింది. ఉదయం పదింటికి అక్క ఆరుగురిని ఎక్కించుకుని బయల్దేరింది. అందులో ఒక బాలింత, ఆమె బిడ్డ, ఒక నర్సమ్మ ఉన్నారు. నడివాగులో వెనక పలక ఊడింది. ఊడడమంటే మేకు వదలడం కాదు, పుట్టీ కరిగి, పుచ్చుచెక్క ముక్కలుముక్కలై నీళ్లలో కలిసిపోయింది. నిమిషంలో మోకాలి లోతు నీళ్లు. అక్క గెడ పారేసి నీళ్లలోకి దూకింది. కుడిచేత్తో తాడు పట్టుకుంది, ఎడమచేత్తో పడవ అంచు పట్టుకుంది. పడవ కొట్టుకుపోకుండా అలా మధ్యలో వేలాడుతూ, "తాడు పట్టుకుని ఒక్కొక్కరే దిగండి, బిడ్డను నర్సమ్మకివ్వండి" అని అరిచిందట. అవతలి ఒడ్డు నుంచి మగవాళ్లు తాడు పట్టుకుని ఎదురొచ్చారు. అందరూ ఒడ్డుకు చేరేదాకా అక్క వదల్లేదు. ఆఖర్న పడవ పక్కకు తిరిగి గుంజినప్పుడు భుజం ఊడిపోయింది.

ఎవరూ చనిపోలేదు. అది మా అక్క వల్ల.

నేను ఆస్పత్రికి వెళ్లేసరికి అక్క చేతికి కట్టు కట్టి ఉంది. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పడవ బాలేదని నీకు తెలుసా?" అంది.

"నాకెలా తెలుస్తుందక్కా, చేసింది వాళ్లు కదా. ఆ కాంట్రాక్టరు గాణ్ని ఊరికే వదలను."

"ఆ రోజు నువ్వు వంగి వేలితో నొక్కడం నేను చూశాన్రా."

నొక్కిన ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాను.

"బాలేకపోతే నీకు తెలియదా అనుకుని నీ మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. నువ్వేం అనలేదు. మా తమ్ముడు చూసి ఊరుకున్నాడంటే బాగానే ఉన్నట్టు అనుకున్నా. నీ మొహం చూసి ఎక్కించాన్రా వాళ్లని. పసిపిల్లను కూడా."

ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నేను సాయంత్రం దాకా మంచం పక్కన స్టూలు మీదే కూర్చున్నాను. మళ్లీ నావైపు తిరగలేదు.

మర్నాడు ఆ నాయకుడి కొత్త ఇంటికి వెళ్లాను. కాంట్రాక్టరు అక్కడే ఉన్నాడు. పుట్టీ పూసి మనుషుల్ని చంపుదామనుకున్నావా అని గొంతు చించుకున్నాను. వాడికి కోపం కూడా రాలేదు. "అంత వరదలో ఏ పడవైనా పోద్దండి. అయినా ఆ రోజు మీరే బాగుందన్నారుగా" అన్నాడు. అక్కడున్న కూలీలంతా నావైపు చూశారు. మిగతా పని చెయ్యనని చెప్పి సామాను సర్దుకున్నాను. నాయకుడు పై అంతస్తు నుంచి తొంగిచూసి, "నీ ఇష్టమయ్యా" అన్నాడు. వారంలో విస్సన్నపేట నుంచి వేరే మేస్త్రీలు వచ్చి తలుపులు బిగించారు. నేను మానేసినందువల్ల ఆ ఇంటికి ఒక్క మేకు తక్కువ కాలేదు.

నీళ్లు తీశాక పడవ చప్టా రాళ్ల మధ్య ఇరుక్కుని కనిపించింది. దాన్ని షెడ్డుకు తెప్పించాను. రంగు గీకుతుంటే ఒక్కో పొరా బయటపడింది. ముందు పుట్టీ, దాని కింద సిమెంటు. పలకల సందుల్లో, నీళ్లు రాకుండా నూలు కూరాల్సిన చోట, పాత ఫ్లెక్సీ ముక్కలు చుట్టి కుక్కారు. ఒక ముక్క లాగితే అందులో నాయకుడి నవ్వు సగం, మీసం సగం వచ్చాయి. దాన్ని విసిరికొట్టబోయి ఆగి, మేకుకు తగిలించాను.

తలుపులు చేసే చేత్తో పడవ బాగుచెయ్యడం కుదరదని నాకు తెలుసు. బావ ఆ పడవ కొన్న ఊరికి, కృష్ణ ఒడ్డుకు వెళ్లి వాకబు చేశాను. పడవలు కట్టిన పెద్దాయన ఒకాయన దొరికాడు. ఫైబరు పడవలు వచ్చాక పని మానేసి ఇంట్లో ఉంటున్నాడు. సంగతంతా చెప్పాను, లడ్డూ సంగతి కూడా. విని, "పనిముట్లు నావే తెచ్చుకుంటా. నేను చెప్పినట్టు చేస్తేనే వస్తా" అన్నాడు. రెండు రోజుల తర్వాత గోనెసంచి భుజానేసుకుని బస్సు దిగాడు.

పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, సుత్తి పిడితో తడుతూ చెవి పెట్టి విన్నాడు. సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. నేను మూడు పలకలనుకున్నవి ఏడయ్యాయి.

"ఇది పర్లేదేమో బాబాయ్, సగమే కదా పుచ్చింది" అన్నాను ఒక పలక చూపించి.

"ఆ సగంలోంచే కదయ్యా నీళ్లొచ్చేది" అన్నాడు.

వంపు కర్రల దగ్గర పెద్ద గొడవైంది. మంచి టేకు దూలం ఉంది, దాన్ని వంపుగా కోస్తానన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. కోసిన వంపులో చెక్క పొడవునా పోయే ఈనె తెగిపోతుంది, బరువు పడితే విరుగుతుంది, చెట్టులోనే వంపుగా పెరిగిన తుమ్మ కొమ్మలు కావాలన్నాడు. ఎ.కొండూరు వైపు పొలాల గట్లమీద మూడు రోజులు తిరిగాం. వంపు కొలిచే రేకు ఒకటి చేతిలో పట్టుకుని, ప్రతి తుమ్మచెట్టు కిందా ఆగి పైకి చూసేవాడు. నాకు విసుగూ కోపమూ రెండూ వచ్చేవి. అయితే ఆ కోపం వేరే రకం. ఎదుటి మనిషి తన పని తాను సరిగ్గా చేస్తుంటే వచ్చే కోపం అది, సాయంత్రానికి దిగిపోయేది.

ఇనప మేకులు తీసేసి రాగివి కొట్టాం. గుగ్గిలం నూనెలో కాచి, అందులో ముంచిన నూలు పేని సందుల్లో కూరాం. నేను ఒక సందు త్వరత్వరగా కానిచ్చాను. పడవను దిమ్మెల మీద పెట్టి లోపల నీళ్లు నింపి, అడుగున పడుకుని చూశాడు పెద్దాయన. నేను కూరిన సందు నుంచే నీళ్లు కారుతున్నాయి. మూరెడు పొడవే. అక్కడికక్కడ అద్దేద్దాం అన్నాను. ఆయన లేచి కొయ్యసుత్తి నా కాళ్ల దగ్గర విసిరేశాడు.

"అద్దుతావా? నువ్వు కూడా అద్దుతావా?"

మొత్తం సందు పీకి మళ్లీ మొదటి నుంచి కూరాను. ఆ పూట అన్నం తినలేదు.

ఒకరోజు షెడ్డు ముందు కారు ఆగింది. నాయకుడు అద్దం దించాడు. "ఏంటయ్యా, నామీద కోపమా? పడవ బాగుచేస్తున్నావంటగా, మంచిదే. అయిపోయాక కబురు చెయ్యి, చిన్న ప్రోగ్రాం పెడదాం" అన్నాడు.

మేకుకు తగిలించిన ఫ్లెక్సీ ముక్క తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. "ఇది మీదేనండి. పడవ సందులో దొరికింది."

అటూ ఇటూ తిప్పి చూశాడు. సిగ్గుపడతాడేమోనని నేను చూస్తున్నాను. నవ్వాడు. "పనోళ్లు, ఏం చేస్తాం" అని దాన్ని రోడ్డుమీద పడేసి అద్దం ఎత్తుకున్నాడు. కారు వెళ్లిపోయింది. ఇంకేదో అనాల్సింది. ఇప్పటికీ రకరకాల మాటలు గుర్తొస్తాయి, అన్నీ ఆ కారు వెళ్లిపోయాకవే.

పనికి నెలన్నర పట్టింది. పడవను నీళ్లలో దించిన రోజు షామియానా లేదు, రంగు లేదు, చేపనూనె పూసిన చెక్క నల్లగా ఉంది. అక్క వచ్చింది. ఎవర్నీ ఎక్కనివ్వలేదు. నన్ను గెడ పట్టుకోమని, తను అడుగు పలకల మీద చతికిలబడి కూర్చుంది. నడివాగులో తాడు పట్టుకుని ఆపమంది. చాలాసేపు అరచేత్తో సందులన్నీ తడిమింది. ఎక్కడా చెమ్మ లేదు.

"మనుషుల్ని ఎక్కించొచ్చా? నోరు తెరిచి చెప్పు."

"ఎక్కించొచ్చక్కా" అన్నాను.

"సరే, నెట్టు" అంది. ఒడ్డు తగిలేదాకా క్షమించానని అంటుందేమోనని ఎదురుచూశాను, సిగ్గులేకుండా.

ఇప్పుడు పడవ నడిపేది ఆ రోజు అందులో ఉన్న బాలింతే. అక్క ఒడ్డున కూర్చుని గెడ ఎక్కడ గుచ్చాలో అరిచి చెబుతుంది. నేను ఏటా ఎండాకాలం వెళ్లి పడవ తిరగేసి, సందులు చూసి, గుగ్గిలం పట్టించి వస్తాను. అక్క నాతో మాట్లాడేది పడవ గురించే. మొన్న ఫోన్ చేసి, ముందువైపు ఒక మేకు తల లేచిందని చెప్పింది. ఎలా ఉన్నావక్కా అని అడిగేలోగా పెట్టేసింది. సంచిలో రాగి మేకులు వేసుకుని మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.