గుమ్మడికాయంత అక్షరాల బాబాయి

లేబుల్ బాబాయికి చిన్న అక్షరాలంటే గిట్టదు. మా పంపుల కార్ఖానాకి వర్క్ ఆర్డర్ వచ్చినప్పుడల్లా ఒక్కో విడిభాగానికీ లేబుల్ కొట్టి ఇవ్వడం ఆయన పని. ఆ కొట్టేది గుమ్మడికాయంత అక్షరాలతో కొడతాడు. వాషర్ల పొట్లానికి అంటిస్తే పొట్లం కనపడదు. స్ప్రింగుకైతే లేబుల్ అంటించడం కుదరదు, లేబుల్లోనే స్ప్రింగుని పొట్లం కట్టాలి.

ఫిట్టింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ని కాబట్టి ఈ ఘోరం రోజూ చూసే భాగ్యం నాదే. అడిగితే తన కళ్ళు మసకలట, చిన్నవి ఆనవట. ఆ మసక కళ్ళతోనే గేటు అవతల ఆగిన బస్సు నంబరు చదివేస్తాడు. నా చొక్కా మీద టీ మరకని ఆ మూల నుంచే కనిపెట్టి, ఇవాళ కూడా ఒలకబోసుకున్నారా అని పరామర్శిస్తాడు. ఇంత అబద్ధాలకోరుని, ఇంత దుబారా మనిషిని నేనెక్కడా చూడలేదు.

చివరికి మేనేజరుకి ఒళ్ళు మండి ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తోలాడు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయని డాక్టరు చెప్పాడు. రేపటి నుంచి చిన్న అక్షరాలే కొట్టాలని మేనేజరు హుకుం. నా కడుపు చల్లబడింది.

ఆ మధ్యాహ్నం బాబాయి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బతిమాలడానికే అనుకుని ముఖం తిప్పుకున్నాను.

"ఆ లేబుళ్ళు చూసి పంపులు బిగించే మీ ఫిట్టింగ్ అక్కయ్యకి కళ్ళల్లో పొరలొచ్చాయండీ," అన్నాడు గొంతు తగ్గించి. "వచ్చే నెల ఆపరేషన్. ఈలోగా తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది. నేను చెప్పానని ఆమెకి కూడా అనకండి."

తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళి, చిన్న అక్షరాలు నాకే కనపడవని చెప్పాను. నన్నూ డాక్టరు దగ్గరికి తోలాడు. అదృష్టం బాగుండి నాకు చత్వారం తేలింది. హుకుం వెనక్కి పోయింది.

ఆపరేషనయ్యాక అక్కయ్య మళ్ళీ పనిలోకి వచ్చింది. వాషర్ల పొట్లం చేతిలోకి తీసుకుని, ఎగాదిగా చూసి, బాబాయి మీదికి వెళ్ళింది.

"ఏమయ్యా, ఇంతింత అక్షరాలేంటి? నా మసకలో ఇవి మామూలువే అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఇలాగే తగలేశావా? సూపర్‌వైజర్ గారు తిట్టారంటే తిట్టరూ మరి."

ఇకనుంచి తగ్గిస్తానని చెప్పి బాబాయి తల గోక్కుంటూ నావైపు చూశాడు.

నేను కొత్త కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాగా గడ్డి పెట్టావమ్మా," అన్నాను.