అవ్వకు చెప్పు బిడ్డా

ఇబ్రహీంపట్నంలో రోడ్డు పక్కన చేపలమ్మే జానయ్య తాత గొంతు లేపితే, శేరిగూడ బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూస్తారు. అలాంటి మనిషి ఇంట్లో మాత్రం బువ్వ, లాల, బజ్జో అనే మాటలే మాట్లాడేవాడు. ముద్దు కొంత, పంతం ఎక్కువ.

భార్య సత్తమ్మ అవ్వ తన తమ్ముడి కోసం బకెట్లో దాచిన కొర్రమట్ట చేపను తాత ఎవరికో అమ్మేశాడు. పైగా, "నీ తమ్మునికి బొచ్చె చేప చాలు. ముండ్లు ఏరుకుంట కూసుంటే కొద్దిసేపన్న నోరు మూస్తడు" అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ముందు పలకరించినవాళ్లు ఓడినట్టు. ఇంకా నడక సరిగ్గా రాని మనవరాలు శివానియే నడుమ రాయబారి.

"బిడ్డా, తాతకు చెప్పు, బువ్వ చల్లగైతుంది."

"బంగారూ, అవ్వకు చెప్పు, కూర ఉఫ్ ఉఫ్ అంటుంది."

"ఉఫ్ అయితే నీళ్లు తాగి బజ్జోమను."

శివాని ఇద్దరినీ చూస్తూ వేలు చీకేది. రాయబారికి జీతం ఒక బిస్కెట్టు.

అంతలో కోడలు మంజుల పిల్లను తీసుకుని మంచాల ఊళ్లోని పుట్టింటికి పోయింది. ఇల్లు మూగబోయింది. పొయ్యి మీద చేపల పులుసు, తాత కడుపులో ఎలుకలు. అడిగితే ఓటమి. తానే వడ్డించుకుందామంటే అవ్వ గంటె ఒళ్లో పెట్టుకుని పొయ్యి ముందే కూర్చుంది.

తాత జర ఆలోచించి, మంజులకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"శివానికియ్యి బిడ్డా... బంగారూ, అవ్వను అడుగు, తాతకు బువ్వ పెడ్తదా?"

పక్కనే ఉన్న అవ్వ ఫోన్ మీదికి వంగింది. "బిడ్డా, తాతను అడుగు, కొర్రమట్ట ఏది?"

"అవ్వకు చెప్పు, కొర్రమట్ట టాటా పోయింది."

"తాతకు చెప్పు, బువ్వ గూడ టాటా పోయింది."

"మామా," అంది మంజుల, "పిల్ల ఎప్పుడో పండుకుంది. ఇంతసేపు నాకే చెప్తున్నరు. మీరిద్దరు జర పెద్దగైనంక ఫోన్ చెయ్యుండ్రి." పెట్టేసింది.

ఇక నడుమ ఎవరూ లేరు. తాత గోడ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "రేపు పెద్ద కొర్రమట్ట. అవ్వ తమ్మునికి ఆం."

అవ్వ మూతి బిగబట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. పళ్లెంలో అన్నం కలిపి ముద్ద ఎత్తింది. "ఆం."

పసిమాటలు పలకరింపు కింద లెక్కకు రావని ఇద్దరూ అనుకున్నట్టుంది. తాత బుద్ధిగా తిన్నాడు. మూడో ముద్దకు అవ్వకు విసుగొచ్చింది. "చేతులు లేవా నీకు? పట్టు, తిను."

అది అచ్చంగా పెద్దవాళ్ల మాట. తాత గమనించాడు. గెలిచానని చెప్పబోయి, పళ్లెం ఇంకా ఆమె చేతిలోనే ఉందని చూసి, నోట్లో ముద్ద నమిలాడు.