మామ భూమికి కట్టుకున్న తీగ

మొన్న మనవరాలి కంప్యూటరు నెమ్మదించిందంటే చౌరస్తాలో రిపేరు దుకాణానికి తీసుకుపోయాను. అక్కడ పనిచేసే అమ్మాయి పెట్టె విప్పే ముందు మణికట్టుకు ఒక నీలిరంగు పట్టీ చుట్టుకుని, దాని తీగను పక్కనున్న, భూమిలోకి దిగే ఎర్తుకు తగిలించి, పాటేదో కూనిరాగం తీస్తూ లోపల చెయ్యి పెట్టింది. "జర పైలం బిడ్డా!" అని నోరు జారాను. ఆ పిల్ల ఫక్కున నవ్వి, "ఏం గాదు తాతా, మన ఒంట్ల ఉన్న కరెంటు దీనికి తగలొద్దని కట్టుకున్న" అంది. నాకు తెలియక కాదు, తెలిసే భయపడ్డాను. అయితే నా భయం ఆ యంత్రం గురించి కాదని ఆ పిల్లకు ఎలా చెప్పేది?

డెబ్బయ్యో దశకం చివరి రోజుల మాట. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ఎలక్ట్రికల్ విభాగంలో నేను కొత్తగా చేరాను. అక్కడ ఫోర్‌మన్ మా మేనమామే, అమ్మకు సొంత తమ్ముడు. మా అన్న అదే బాయిలో కింద బొగ్గు పనిలో ఉండేవాడు. మామ మంచివాడే కానీ, పనిలోకి దిగితే ఆయన మాట రంపమే. కరెంటు పెట్టె ఏది తెరిచినా ముందు రబ్బరు చాప పరవాలి, కాళ్ళకు గమ్‌బూట్లుండాలి, చేతికి రబ్బరు తొడుగుండాలి. "భూమికి తాకినవంటె సచ్చినవు. చాప మీద నుంచి కాలు దించెటోడు ఇంటికి పోవచ్చు" అనేవాడు. బాయిలు కొత్తగా తవ్వే కాలంలో ఒక లైన్‌మన్ తడినేల మీద నిలబడి పని చేస్తుంటే, ఎవరో చూసుకోక స్విచ్చి వేశారట. మామ కళ్ళ ముందే ప్రాణం పోయింది. అప్పటినుంచి ఆయనకు పచ్చినేలను చూస్తేనే హడలు. వానాకాలం ఇంటి వాకిట్లో నడవాలన్నా చెప్పులుండాల్సిందే, దానికి మా అత్త ఎంత ఎగతాళి చేసేదో.

ఆ ఏడు మా బాయికి, నిప్పంటుకుంటే పేలిపోయే గ్యాసును కనిపెట్టే కొత్త యంత్రం వచ్చింది. కింద గ్యాసు ఎంత ఉందో పైన గదిలో ముల్లు చూపిస్తుంది, ఎక్కువైతే ఎర్రబుగ్గ వెలిగి గంట మోగుతుంది. దీపం పట్టుకుని గ్యాసు చూసే పాత పద్ధతి ఎలాగూ ఉంది కానీ, మా అన్న పనిచేసే వైపు గ్యాసు ఎక్కువని పేరు. అందుకని ఆ ముల్లు కదులుతుంటే మా అందరికీ అదో ధైర్యం. డ్యూటీలో ఉన్నప్పుడు ఏదో ఒక వంకతో ఆ గదిలోకి పోయి చూసి వచ్చేవాణ్ణి. అన్న కింద క్షేమంగా ఉన్నాడని ఆ ముల్లే నాకు చెబుతున్నట్టుండేది.

చలికాలంలో ఒకరోజు పొద్దున ఆ ముల్లు పడిపోయింది. లోపల అరచేతి వెడల్పు పచ్చని పలక ఒకటుండేది, కార్డు అనేవాళ్ళం. అది చెడిందని తేలింది. స్టోరులో అదనంగా రెండే ఉన్నాయి, అవి కూడా పోతే బొంబాయి నుంచి రావడానికి నెలలు పడుతుంది. మామ పద్ధతిగా రబ్బరు చాప పరిచి, బూట్లు వేసుకుని, తొడుగులతో పట్టు చిక్కదని వట్టి వేళ్ళతోనే కొత్త కార్డును దాని నల్లటి మెత్తలోంచి తీశాడు. బొగ్గూళ్ళో ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తుడవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, స్వెట్టరు కిందనున్న తన టెరిలిన్ చొక్కా కొసతో దాన్ని శుభ్రంగా తుడిచి మరీ లోపల పెట్టాడు. ముల్లు లేవలేదు.

ట్రంకు కాల్ దొరికేసరికి మధ్యాహ్నమైంది. అవతల బొంబాయిలో ఆ యంత్రం చేసిన కంపెనీ ఇంజనీరు జరిగిందంతా విని, కార్డును చంపింది మీ చొక్కా, మీ రబ్బరు చాపే అన్నాడట. టెరిలిన్ చొక్కా, దాని మీద ఉన్ని స్వెట్టరు వేసుకుని చలికాలంలో విప్పుతుంటే చటచటమనడం మా వయసువాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ చటచట ఒంట్లో నిలిచి ఉంటుందట, రబ్బరు మీద నిలబడితే అది భూమిలోకి పోయే దారి ఉండదట, మనకు తెలియకుండానే వేలి కొసనుంచి కార్డులోకి దూకి దాన్ని మాడుస్తుందట. కాబట్టి రెండో కార్డు పెట్టేవాడు నూలుబట్టలతో, వట్టికాళ్ళతో నేల మీద నిలబడి, మణికట్టుకు తీగ కట్టుకుని ఎర్తుకు కలుపుకోవాలి. తీగ మధ్యలో రేడియోల్లో ఉండే, కరెంటును గట్టిగా అడ్డుకునే రెసిస్టరు ఒకటి వెయ్యాలి, అదుంటే మనిషికి ముప్పు లేదు.

మామ ముఖం పాలిపోయింది. జీవితమంతా ఏది చేస్తే చస్తామని నేర్పాడో, ఇప్పుడు అదే చెయ్యమంటున్నారు. బజారుకు పోయి చిక్కుడుగింజంత రెసిస్టరు తెచ్చాను. రెండో షిఫ్టువాళ్ళు బాయిలోకి దిగే వేళవుతోంది. గది కిటికీలోంచి చూస్తే అన్న నెత్తికి దీపం పెట్టుకుని వరుసలో నిలబడి ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు. ఆ కార్డు కూడా పోతే నెలల తరబడి ఆ ముల్లు లేకుండానే వాడు దిగాలి. నేనే కట్టుకుంటానని తీగ అందుకున్నాను.

మామ దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఒగడు కింద పోతుండు, ఇంకొగణ్ణి నా చేతులతోని భూమికి కట్టాల్నా? రేపు మా అక్కకు ఏం మొకం సూపియ్యాలెరా?" అని కసిరాడు. స్వెట్టరు విప్పాడు, చొక్కా విప్పాడు, గమ్‌బూట్లు తీసి చాపను కాలితో అవతలికి నెట్టాడు. నూలు బనీనుతో, వట్టికాళ్ళతో సిమెంటు నేల మీద నిలబడ్డ మామను చూడటం అదే మొదలు. అప్పటికే ఆపేసిన మెయిన్ స్విచ్చిని చూపించి, "చెయ్యి తియ్యకు. దేవుడొచ్చి అడిగినా తియ్యకు" అన్నాడు.

స్విచ్చి మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాను. ఆయన తీగను మణికట్టుకు రెండు చుట్లు చుట్టి ముడి వేసుకున్నాడు. ఎర్తు పట్టీకి తగిలించే ముందు ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కార్డును అంచులు పట్టుకుని తీసి, ఈసారి తుడవకుండా, నెమ్మదిగా లోపలికి నెట్టాడు. తీగ విప్పుకుని, మూత పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, వెయ్యమన్నాడు. వేశాను. ముల్లు ఒకసారి ఊగి, పైకి లేచి, భయం లేని చోట నిలబడింది. మామ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కొంతసేపటికి మామ బయట అరుగు మీద బనీనుతోనే కూర్చుని చాయ తాగుతుంటే, దిగబోతూ అన్న చూశాడు. "ఏంది మామా, గింత చలిల అంగి లేకుండ?" అని నవ్వాడు. "ఉక్కపోస్తుందిరా, నువ్వు జల్ది పో" అన్నాడు మామ. అన్నకు మేమెప్పుడూ ఆ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మామ లేడు, అన్నా లేడు, ఆ బాయి మూతపడి చాలా కాలమైంది. అన్న కొడుకు, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పెద్ద యంత్రం నడుపుతాడు. చల్లని గదిలాంటి సీటు, చుట్టూ కంప్యూటరు తెరలు, ఏ చిన్న తేడా వచ్చినా అదే చెబుతుందట. అయినా వాడి షిఫ్టు ముగిసే వేళకు నేను ఫోన్ చేస్తాను. "కాకా, నువ్వు ఊకె ఫికర్ చేస్తవ్, గిప్పుడు అన్నిటికి మిషన్లున్నయి" అంటాడు విసుగ్గా. నిజమే, ఈ కాలం పిల్లలు భయం లేకుండా పని చేస్తున్నారు, అంతకంటే కావలసిందేముంది. కానీ భయపడకుండా ఒక మనిషిని ప్రేమించడం ఎలాగో మా మామ నాకు నేర్పలేదు, ఈ వయసులో నేర్చుకోవడం నా వల్ల కావడం లేదు.